ఆపరేషన్ మంచినీళ్ళు

జైపూర్ వెళ్ళే మెయిల్లో ఫస్ట్ క్లాస్ కూపే. లోపలినుంచి గొళ్ళెం వేసి ఉంది. పగలగొట్టి చూస్తే సర్వే విభాగం జియాలజిస్టు బెర్త్ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. టీ గ్లాసు చేతిలోనే ఉంది, ప్రాణం మాత్రం లేదు. కిటికీ ఊచలు కోసి ఉన్నాయి, సీటు కింద ఉండాల్సిన చెక్కపెట్టె లేదు.

"టీలో విషం," అన్నాడు చీఫ్ కల్నల్ భండారీ, ఫోటో బల్ల మీదికి తోస్తూ.

"పెట్టెలో ఏముంది సర్?"

"రాయి."

గూఢచారి హన్వంత్ పురోహిత్ నవ్వబోయి ఆగాడు. చీఫ్ జోకులు వేసే మనిషి కాదు.

"పొటాష్ రాయి," అన్నాడు చీఫ్. "పొలాల్లో వేసే ఎరువు. మన దేశం ప్రతి బస్తా బయటినుంచే కొంటోంది. అమ్మేవాళ్ళ వెనక ఒక విదేశీ ముఠా ఉంది. కోడ్ నేమ్ పెలికాన్. బీకానేర్ అవతల ఖారాసర్ అనే ఊళ్ళో మనవాళ్ళు బోరు వేస్తే ఆ రాయి పడింది. రైల్లో పోయింది చిన్న ముక్క. బోరు గొట్టంలోంచి తీసిన అసలు రాతికడ్డీలు, అవే కోర్ అంటారు, ఇంకా క్యాంపు షెడ్డులో ఉన్నాయి. అవి జైపూర్ ల్యాబ్‌కి చేరితే పెలికాన్ దుకాణం కట్టెయ్యాల్సిందే."

"చేరకపోతే మళ్ళీ బోరు వెయ్యచ్చు కదా?"

"బోరు కూలిపోయింది. రెండోసారి ఎవడూ డబ్బివ్వడు. ఫైలు మూసేస్తారు. గ్యారస్ నాడు, అంటే వచ్చే ఏకాదశికి, మిలిటరీ ట్రక్కు వస్తుంది. అంతవరకూ ఆ పెట్టెల్ని కాపాడు."

"నా కవర్?"

"నీళ్ళ జియాలజిస్టువి. పొటాష్ సంగతి రహస్యం. ఊళ్ళో వాళ్ళకి అది భూగర్భ జలాల సర్వే అనే చెప్పాం."

"అక్కడ మంచినీళ్ళు పడతాయా సర్?"

"పడవు. కిందంతా ఉప్పే."

ఆ మాట చీఫ్ ఎంత మామూలుగా అన్నాడంటే, హన్వంత్ కూడా అంతే మామూలుగా తలూపాడు. ఆ తల ఊపడం తర్వాత అతనికి చాలాసార్లు గుర్తొచ్చింది.

టెక్నికల్ విభాగం వాళ్ళు ఒక సుత్తి ఇచ్చారు. చూడ్డానికి జియాలజిస్టుల సుత్తే, పిడిలో ఒకే ఒక్క తూటా పేలే పిస్తోలు. ఒక ప్రొఫెసర్ హడావిడిగా పాఠం చెప్పాడు. హన్వంత్ బుర్రలో గట్టిగా నిలిచింది ఒకటే ముక్క: రాయి కనిపిస్తే ముందు తడిపి చూడు, తడిస్తేనే అసలు రంగు బయటపడుతుంది. చివర్లో చీఫ్ కోడ్ మాట అందించాడు. పెలికాన్ లోపల మన మనిషి ఒకరున్నారు. "ఈసారి మతీరాలు తీపిగా లేవు" అంటూ వస్తారు, మతీరా అంటే అక్కడి పుచ్చకాయ. "వాన పడలేదుగా" అనాలి.

*

ఖారాసర్‌లో జీపు దిగేసరికి జ్యేష్ఠమాసపు ఎండ నడినెత్తిన ఉంది. మొదట ఎదురొచ్చింది తీజా గోదారా. ఊళ్ళో పెద్దావిడ, అందరికీ కాకీ, అంటే పిన్ని. ఆమె మెడలో వెండి కంటె, హాఁస్‌లీ, దాని కింద ఒక తాళంచెవి వేలాడుతోంది. వెనక నేలలో కట్టిన గుండ్రటి టాంకా, దాని ఇనపమూతకి తాళం. కిందటేటి వాననీళ్ళు అందులో అడుగంటాయి. ఊరికి ఉన్న మంచినీళ్ళు అవే. తక్కిన బావులన్నీ ఉప్పు కషాయం.

ఆమె తాళం తీసి, బకెట్ దించి, ఇత్తడి లోటా నిండా నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"తాగు బేటా. నీళ్ళు వెతకడానికొచ్చినోడివి, దాహంతో వెతుకుతావేంటి?"

హన్వంత్ తాగాడు. చల్లగా, కాస్త మట్టివాసనతో ఉన్నాయి.

"పడతాయంటావా సాబ్? మీ పెద్ద సాబ్‌ని అడిగితే ఉలకడు పలకడు. నువ్వైతే కుర్రాడివి, అబద్ధం చెప్పవు."

"పడతాయి కాకీ," అన్నాడు హన్వంత్. గూఢచారి నాలుక, తడబడలేదు.

ఆవిడ కాసేపు అతని మొహం చూసి, మెడలోంచి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది. "అయితే ఇది మీ క్యాంపులో ఉంచు. మాటిమాటికీ నన్నడగక్కర్లేదు. కావలసినంత వాడుకోండి. ఎలాగూ కొత్తనీళ్ళు వస్తున్నాయి కదా."

వద్దని అనడానికి అతని దగ్గర కారణం లేదు. చెప్పగలిగే కారణం లేదు. జేబులో వేసుకున్నాడు.

క్యాంపు పెద్ద డాక్టర్ ఓఝా షెడ్డు తలుపు తీశాడు. చెక్క ట్రేలలో వరసగా పడుకోబెట్టిన గులాబీ, ఎరుపు రాతికడ్డీలు. పక్కన నల్లకళ్ళద్దాలు, నెమలికంఠం రంగు జార్జెట్ చీర, మెడలో కెమెరా, ఆ ఎండలో కూడా చెదరని సెంటు వాసన. ఎడారి మీద ఫోటోలు తీసే పత్రికావిడట. పేరు ఇరా సేఠియా. ఆమె చూస్తోందని హన్వంత్‌కి తెలుసు. తను జియాలజిస్టునని రుజువు చేసుకోవాలి. లోటాలో మిగిలిన తీజా కాకీ నీళ్ళు ఎర్ర కోర్ మీద ధారగా ఒలకబోశాడు.

రంగు బయటపడలేదు. రాయే కరిగింది. బెల్లం దిమ్మ మీద పోసినట్టు నీళ్ళు పడ్డచోట గుంట పడి, ఎర్రటి ఉప్పునీరు ట్రేలోంచి కారింది.

"ఏ కాలేజీలో చదివారు సార్ మీరు?" ఓఝా ట్రేని తనవైపు లాక్కున్నాడు. "ఇది ఉప్పురాయి. మంచినీళ్ళు తగిలితే చక్కెరే. కరక్కుండా ఉండాలని బోరు కూడా చిక్కటి ఉప్పునీళ్ళతో వేశాం. ఒకటో క్లాసు పిల్లాడైనా చేస్తాడా ఈ పని?"

డ్రిల్లర్లు మొహాలు తిప్పుకుని నవ్వారు. కెమెరా క్లిక్‌మంది. గుమ్మం దగ్గర తీజా కాకీ నిలబడి ఉంది. ఆమె రాయిని చూడడం లేదు. నేల మీద ఇంకిపోతున్న నీళ్ళనే చూస్తోంది.

ఆ సాయంత్రం ఇరా అతని గుడారం దగ్గరికొచ్చి మతీరా ముక్క కొరికింది. "ఈసారి మతీరాలు తీపిగా లేవు."

"వాన పడలేదుగా."

"హమ్మయ్య. మధ్యాహ్నం మీ వైభవం చూశాక మీరు మనవాళ్ళే అని అప్పుడే అర్థమైంది. అసలు జియాలజిస్టు అలా చెయ్యడు." ఆమె నవ్వు తియ్యగానే ఉంది. "వినండి. పెలికాన్ దెబ్బ గ్యారస్ నాడు, రైల్వే స్టేషన్లో. ట్రక్కు డ్రైవర్ని కొనేశారు. పెట్టెల్ని గూడ్స్ వ్యాగన్‌లోకి ఎక్కించేస్తారు. మీరు అక్కడ కాపు కాయండి. షెడ్డు నేను చూసుకుంటా."

కోడ్ సరిపోయింది. పైగా మధ్యాహ్నపు అవమానం తర్వాత ఆమె మందలించనందుకు హన్వంత్‌కి ప్రాణం లేచొచ్చింది. నమ్మేశాడు.

*

నిర్జల గ్యారస్. ఆ రోజు ఊళ్ళో ఆడవాళ్ళు గుక్కెడు నీళ్ళు కూడా ముట్టరు. కానీ గుమ్మంలోకి వచ్చినవాడికి మాత్రం నీళ్ళివ్వాలి. ఉన్నవాళ్ళు బీకానేర్‌లో షర్బత్ పందిళ్ళు వేస్తారు. లేనివాళ్ళు ఒక కుండైనా దానం చేస్తారు.

హన్వంత్ స్టేషన్లో వేపచెట్టు కింద సుత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గూడ్స్ లేదు, ట్రక్కు లేదు. స్టేషన్ మాస్టర్ ముక్కు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏం సాబ్, ఇక్కడ ఎండుతున్నారు? మీ ఖారాసర్‌లో ఇవాళ పండగే పండగ. పెద్ద టాంకర్ నిండా మంచినీళ్ళు వెళ్ళాయి. గ్యారస్ దానమట. ఆ కళ్ళద్దాల మేడమ్ పంపించారు. పుణ్యాత్మురాలు."

"మంచినీళ్ళా?"

"మరి ఉప్పునీళ్ళు దానం చేస్తారా ఎవరైనా?"

ట్రేలో గుంటపడిన ఎర్రరాయి హన్వంత్ కళ్ళముందు కదిలింది. పెట్టెలు ఎత్తుకుపోవడం ఎందుకు, నీళ్ళు పెడితే చాలు. ఎలా నాశనం చెయ్యాలో శత్రువుకి దగ్గరుండి చూపించింది తనే. ఆవిడ ఫోటో కూడా తీసుకుంది.

స్టేషన్ మాస్టర్ మోటార్ సైకిల్ అడక్కుండానే తీసుకున్నాడు.

ఊరు చేరేసరికి టాంకర్ షెడ్డు గోడకి ఆనించి ఉంది. కిటికీలోంచి లావుపాటి రబ్బరు పైపు లోపలికి దూరింది. టాంకర్ రెండోవైపు ఊరి ఆడవాళ్ళంతా కుండలతో బారులు తీరి, ముందు పూజ అవుతుందేమోనని ఓపిగ్గా నిలుచున్నారు. డ్రైవర్ చెయ్యి వాల్వు చక్రం మీద ఉంది. అది తిరుగుతోంది.

హన్వంత్ బండి మీంచి దూకి సుత్తి పిడి గురిపెట్టి మీట నొక్కాడు. టిక్‌మంది, అంతే. గొట్టంలో ఇసక.

"ఆగండి పురోహిత్ గారూ." ఇరా కెమెరా పెట్టెలోంచి చిన్న పిస్తోలు తీసింది. "చీఫ్ నన్ను మీ మనిషి అనుకున్నాడు. పెలికాన్ తమ మనిషి అనుకుంది. పెలికాన్ జీతం బాగా ఇస్తుంది. ఇక మీరిక్కడ చెయ్యగలిగిందేమీ లేదు."

పిస్తోలుగా పనికిరాని సుత్తి ఇంకా సుత్తే. హన్వంత్ దాన్ని రెండు చేతులా ఎత్తి వాల్వు కింద పైపు జాయింటు మీద కొట్టాడు. తూటా అతని భుజం పక్కనించి వెళ్ళింది. రెండో దెబ్బకి జాయింటు విరిగింది.

టాంకర్ కడుపులోని నీళ్ళన్నీ ఒక్కసారిగా ఎడారి మీద పడ్డాయి.

ఊరంతా పరిగెత్తింది. కుండలు, బిందెలు, తపేలాలు, కొంగులు. పిస్తోలు పట్టుకున్న మనిషి మధ్యలో ఉందని ఎవరూ గమనించలేదు. ఇరా సేఠియా ఆ తోపులాటలో బురదలో కాలు జారి పడింది. ఖారాసర్‌లో బురదని ఎవరైనా చూసి చాలా ఏళ్ళయింది. ఓఝా మనుషులు లేపి పట్టుకునేసరికి ఆమె చీర రంగేమిటో చెప్పడం కష్టమైంది. డ్రైవర్ పారిపోబోయి ట్రక్కులో వచ్చిన జవాన్లకే ఎదురుపడ్డాడు.

షెడ్డులో గుమ్మం దగ్గరి ఒక్క ట్రే తడిసింది. మిగతా కోర్ భద్రంగా ఉంది. ఓఝా ట్రేలని ఒళ్ళో పిల్లల్లా తడుముకుంటూ బయటికొచ్చాడు. "గెలిచాం సార్. గని పడితే ఈ ఊరికి పైపులైను వస్తుందని చెప్పండి, వాళ్ళు చల్లబడతారు."

"నేను చెప్పను," అన్నాడు హన్వంత్. "దయచేసి మీరూ చెప్పొద్దు."

కుండల్లో పడింది కొంత. ఎక్కువ భాగం ఇసక తాగేసింది. తీజా కాకీ టాంకా గట్టు మీద కూర్చుని తడినేల ఆరిపోవడం చూస్తోంది. ఉపవాసంతో పెదాలు పగిలాయి.

"సాబ్, నీళ్ళు పారబోసింది నువ్వే కదా?"

"నేనే కాకీ."

"ఎందుకు?"

పైఅధికారులకి చెప్పడానికి అతని దగ్గర పెద్ద జవాబుంది. ఈమెకి చెప్పేంత చిన్నది దొరకలేదు. చివరికి నిజమే చెప్పాడు. "ఇది నీళ్ళ సర్వే కాదు కాకీ. ఎప్పుడూ కాదు. కింద ఉప్పే ఉందని మాకు ముందే తెలుసు. నేను జియాలజిస్టుని కూడా కాదు."

తీజా అతని జేబు వైపు చూసింది. తిడుతుందేమోనని ఎదురుచూశాడు, తిడితే బావుండునని కూడా అనుకున్నాడు. ఆవిడ చెయ్యి చాపింది.

"తాళంచెవి."

ఇచ్చాడు. ఆవిడ కొంగుతో దాన్ని తుడిచింది. తాళం తీసి, బకెట్ దించింది. తాడు ముందుకన్నా చాలా లోపలికి దిగింది. సగం లోటా నీళ్ళు తెచ్చి అతని ముందు పెట్టింది.

"వద్దు కాకీ."

"వద్దంటే కుదర్దు. గ్యారస్ నాడు గుమ్మంలో ఉన్నోడికి నీళ్ళివ్వకపోతే నా ఉపవాసం చెల్లదు. వాడెవడైనా సరే. తాగు."

ఊరంతా చూస్తుండగా హన్వంత్ పురోహిత్ తల దించుకుని తాగాడు. ఒక్క చుక్క కూడా కింద పడనివ్వలేదు. ఆవిడ లోటా తీసుకుని, తాళం వేసి, చెవి మెడలో వేసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ట్రక్కు జైపూర్ చేరిన రోజు వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు హుషారుగా వినిపించింది.

"శభాష్. వచ్చే నెల జైసల్మేర్ వైపు ఇంకో పని ఉంది. నీళ్ళ జియాలజిస్టు వేషం నీకు బాగా నప్పింది. అదే ఉంచేద్దాం."

"వద్దు సర్, ఇంకేదైనా ఇవ్వండి," అన్నాడు హన్వంత్. "దొంగ వేషమైనా ఫర్వాలేదు. దొంగకి ఎవరూ పిలిచి మంచినీళ్ళివ్వరు."