ఎర్రపువ్వు బాతులు

పాపాయమ్మగారి బాతులు తప్పిపోయింది కార్తీక మాసంలో ఒక శనివారం. మొత్తం ముప్పై ఏడు. ఆ సంగతి నాకు తెలియదు. ఆ సాయంత్రమే నేను రిజిస్టరులో గుండ్రని అక్షరాలతో ఇలా రాశాను: 'అపూర్వ జాతి వలస బాతులు. తెల్లనివి. ప్రతిదాని కుడి రెక్క మీద ఎనిమిది రేకుల ఎర్రని పువ్వు. సంఖ్య ముప్పై ఏడు.'

అది పందొమ్మిది వందల యాభై తొమ్మిది. నాగాయలంకకు దిగువన కృష్ణ పాయకు అడ్డంగా ఆ ఏడే మట్టి కట్ట వేశారు. పోటుకు ఉప్పునీరు పైకి ఎక్కకుండా, మంచినీటిలో చేపపిల్లలు పెరగడానికి, చలికాలం పిట్టలు వచ్చి వాలడానికి. పొలాలకు దానివల్ల చుక్క నీరు రాదు. "మనుషులకి రోడ్డు లేదు గానీ పిట్టలకి చెరువట!" అని రేవులో నవ్వుకునేవారు.

బందరు నుంచి ఆఫీసరు ఈశ్వరప్రసాద్ గారు వచ్చి, బడిపంతులుకు లెక్కలు వచ్చు కదా అని, వారానికోసారి పిట్టలను లెక్కపెట్టే పని నాకు అప్పగించారు. ఈ చలికాలం పిట్టలు వాలకపోతే కట్టకు మరమ్మతు మంజూరు కాదని కూడా చెప్పారు. మరమ్మతు లేని మట్టి కట్ట ఒక వరదకు మించి నిలవదు.

ఐదు వారాలు లెక్కపెట్టాను. ఐదు వారాలూ సున్నా. కాకులను రాయవచ్చునా అని ఉత్తరం రాస్తే, కూడదని జవాబు వచ్చింది. ఆరో వారం దేవుడు ఏకంగా పూలు అద్దిన బాతులను పంపాడు. వెంటనే రిపోర్టు టపాలో వేశాను.

మంగళవారం బడి వదిలాక కట్ట మీదికి వెళ్ళాను. ఒక అమ్మాయి మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, పొడుగాటి వెదురు కర్రతో నా అపూర్వ జాతిని గట్టుకు తోలుతోంది.

"ఏమండీ! ఆగండి! బోర్డు చదవలేదా?"

"చదివాను. 'ఇచ్చటి పక్షులను పట్టరాదు.' అక్షరాలు బాగున్నాయి. ఎవరు రాశారు?"

"నేనే."

"అయితే మీరే చెప్పండి మాస్టారూ. మా బాతుల్ని మేం తోలుకుపోకూడదా?"

"మీ బాతులా? ఇవి హిమాలయాలు దాటి వచ్చాయండీ."

"హిమాలయాలా! మా పాపాయమ్మత్త దొడ్లోంచి వచ్చాయి. తడిక కింద కంత ఉంది, చూపిస్తాను రండి."

ఆధారం ఏమిటన్నాను. ఆమె ఒక బాతును చంకలో ఇరికించుకుని రెక్క విప్పింది. కొంగు ముడిలోంచి అరచేతిలో ఇమిడే చెక్క అచ్చు తీసి దాని మీద ఆనించింది. రేకుకు రేకు సరిపోయింది.

"నా పేరు సులోచన. మాది పెడన. నాన్నది గుడ్డల మీద అద్దకం పని. అత్త కాలు బెణికితే సాయానికొచ్చాను. పక్కవాళ్ళ బాతుల్లో కలిసిపోతున్నాయని గుర్తు వేశాను."

"రంగు నీళ్ళలో ఎలా నిలిచిందండీ?"

"కరక్కాయ పట్టించి అద్దాను. గుడ్డయితే తర్వాత ఉడకబెడతాం. బాతుని ఉడకబెడితే రంగు నిలుస్తుంది, బాతు నిలవదు. ఒక వాన పడితే పోతుంది లెండి. మీదే ఊరు?"

"గుడివాడ. తాతగారు మాత్రం పెడనలోనే మగ్గం నేసేవారు."

ఆమె నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది.

"నేతవారి మనవడై ఉండి అద్దకం గుర్తుపట్టలేదూ!"

బాతులు కూడా ఆమె పక్షానే అరిచాయి.

నేను గొంతు తగ్గించాను. "రిపోర్టు వెళ్ళిపోయిందండీ. శుక్రవారం చూడటానికి వస్తున్నానని ఆఫీసరుగారి తంతి కూడా వచ్చింది. అప్పటిదాకా వీటిని ఇక్కడే ఉండనివ్వండి."

"అత్తకి గుడ్లో?"

"ఏరుకోండి. నేనూ ఏరతాను."

"ఆయనొచ్చాక ఏం చెప్తారు? అబద్ధమా?"

అబద్ధం చెప్పడం నాకు రాదు. నిజం చెప్పే ధైర్యం ఆ పూటకు లేదు.

బుధ, గురువారాలు ఇద్దరం గడ్డిలో గుడ్లు ఏరాం. నేను రెండు తొక్కాను. "మీరు లెక్కపెట్టండి చాలు, ఏరకండి" అంది సులోచన. గురువారం వాన కురిసింది. ఉన్నది ఒకటే గొడుగు. మర్యాదగా ఆమెకిచ్చాను. ఆమె దాన్ని గుడ్ల బుట్టకు పట్టింది. ఇద్దరం ముద్దగా తడిశాం. గుడ్లు తడవలేదు.

శుక్రవారం జీపు బురదలో దిగబడింది. ఈశ్వరప్రసాద్ గారు బూట్లు ఒక చేత్తో, బైనాక్యులర్స్ ఒక చేత్తో పట్టుకుని నడిచి వచ్చారు.

"ఏవండీ మాస్టారూ, మీ పువ్వు బాతులు? అన్నీ తెల్లగా ఉన్నాయే!"

"పువ్వు నిన్నటి వానకు పోయిందండీ."

"పోవడమేమిటయ్యా?"

ఇక దాచలేకపోయాను. "అవి వలస పక్షులు కావండీ. పాపాయమ్మగారి ఇంటి బాతులు. ఆ పువ్వు పెడన అద్దకం. తప్పు నాది."

అదే సమయానికి సులోచన తవుడు బుట్ట తట్టింది. ముప్పై ఏడు బాతులూ బడి పిల్లల్లా వరుసకట్టి గట్టెక్కాయి.

"హిమాలయాలు దాటిన పక్షులకు తవుడంటే ఇంత ఇష్టమా?" అన్నారాయన. తల దించుకున్నాను. కట్ట పోయినట్టే అనుకున్నాను.

ఆయన బైనాక్యులర్స్ ఎత్తి చాలాసేపు దించలేదు.

"మరి అవెవరివండీ?"

చూశాను. మా బాతులు వచ్చేసినా నీళ్ళు ఖాళీ కాలేదు. అవతలి ఒడ్డున, తుంగ పక్కన, గోధుమరంగు చిన్న బాతులు గుంపులు గుంపులుగా తేలుతున్నాయి.

"అవి మావి కావండీ," అంది సులోచన. "మావాటికి అంత సిగ్గు లేదు."

"ఇంటి బాతులు నిర్భయంగా తేలుతుంటే పైన పోయేవి నమ్మి దిగుతాయి," అన్నారు ఆఫీసరు. రెండు వందల పన్నెండు దాకా లెక్కపెట్టి నావైపు తిరిగారు. "ఇన్ని దిగితే మీరు చూడలేదా? మూడు రోజులుగా ఇక్కడే ఉన్నారుగా. ఎటు చూస్తున్నారు?"

సులోచన తల వంచుకుని, బుట్టలో అయిపోయిన తవుడు చల్లడం మొదలుపెట్టింది.

"నువ్వు రోజూ బాతుల్ని ఇక్కడికే తోలమ్మా," అని ఆమెకు చెప్పి, "మీరు ఆ పూల బాతుల వరుస కొట్టేసి పక్కన సంతకం పెట్టండి," అని నాకు చెప్పారు. చిత్తమన్నాను. జీపు నెట్టి వచ్చేసరికి నా పంచె రంగు తెలియకుండా పోయింది.

సులోచన బాతులకు మళ్ళీ గుర్తులు వేస్తోంది. ముప్పై ఏడోది అయ్యాక, నా కండువా కొస లాగి దాని మీద అచ్చు నొక్కింది.

"ఇదేమిటండీ?"

"తప్పిపోతే ఎవరి మనిషో తెలియాలిగా."

"వానకు పోతుందేమో."

"గుడ్డేగా. ఉడకబెడతాను."

పాపాయమ్మగారు కుంటుకుంటూ కట్ట మీదికి వచ్చారు. నా కండువా వంక, మేనకోడలి వంక చూశారు.

"ముప్పై ఎనిమిదోదా?" అన్నారు. ఆవిడ ఆశీర్వాదం అంతే.

మాఘంలో పెడనలో పెళ్ళి జరిగింది. కట్టకు మరమ్మతు మంజూరైంది. ఏటా పిట్టలు దిగగానే సులోచన అడిగేది, "ఆ వరుస కొట్టేశారా మాస్టారూ?" అని. "రేపు కొట్టేస్తాను" అనేవాణ్ణి. ఎనిమిది చలికాలాలు అడిగింది. ఈ చలికాలానికి ఆమె లేదు.

నిన్న కట్ట మీదికి వెళ్ళి లెక్కపెట్టి వచ్చాను. మూడు వందల నలభై. రిజిస్టరులో రాశాను. వెనక్కి తిప్పి పాత పేజీ కూడా తీశాను.

ఆ వరుస ఇంకా కొట్టెయ్యలేదు.