దూరతెప్ప మీద మనిషి

వల సగం పైకి వచ్చేసరికి తెర మీది బొమ్మ మళ్లీ బిగుసుకుపోయింది. లేచిన కెరటం లేచినట్టే నిలబడింది. వల లాగే ఇనుపచెయ్యి గాలిలో ఆగింది. తెరకుర్చీలో కూర్చున్న దేముడమ్మ తెరకు బొమ్మ తెచ్చే పక్కనున్న పెట్టెను అరచేత్తో ఒకటి చరిచింది. యంత్రాలు ఎంత ముదిరినా వాటికి మనం చేసే మొదటి వైద్యం ఇప్పటికీ అదే.

పూడిమడకలో ఇప్పుడెవరూ సముద్రం మీదికి వెళ్లరు. మనుషులకు బదులు దూరతెప్పలు వెళ్తాయి. తెప్ప మీది కన్ను పంపే బొమ్మ చూస్తూ, ఇంట్లోంచే దాన్ని తోలడమే ఇప్పుడు వేట. వలలో పడినవాటిని గుర్తుపట్టి వేరుచేసే పని మీనమేధ అనే యంత్రబుద్ధిది. సముద్రంలో చావులు ఆగిపోయిన మాట అబద్ధం కాదు. కానీ తుపాన్లను కూడా లెక్కచేయని మగవాళ్లకు ఆ కుర్చీ ఎక్కగానే వాంతులయ్యాయి. ఒళ్లు కదలకుండా కళ్ల ముందు సముద్రం ఊగితే వాళ్ల కడుపు ఒప్పుకోలేదు. అలా తోలే పని ఆడవాళ్లకు వచ్చింది. దేముడమ్మ మొగుడు కొర్లయ్య అప్పటినుంచీ గట్టున కూర్చుని, ఎవరికీ అక్కర్లేని వలలు అల్లుతున్నాడు.

ఆగిన బొమ్మను దేముడమ్మ ఈసారి పరీక్షగా చూసింది. తెప్ప అంచున తాడు పట్టుకుని ఒక చెయ్యి ఉంది. దాని చిటికెనవేలు వంకర. పెళ్లినాడు తను పట్టుకుని నడిచిన వేలు అది.

పొద్దున్నే జీడితోటకు పోతున్నానని చెప్పి వెళ్లిన మనిషి అక్కడున్నాడు. ఆ తెప్పలో పట్టుకోవడానికి ఒక కమ్మీ లేదు, తాగడానికి చుక్క నీళ్లు లేవు. మనిషి ఎక్కుతాడని దాన్ని చేసినవాళ్లు అనుకోలేదు. పైగా తెర ఆగితే ఆమె తిప్పే చుక్కాని కూడా పనిచేయదు. అలాంటి తెప్ప కెరటానికి అడ్డం తిరిగిందంటే బోల్తా కొట్టక మానదు.

తెప్పలను ఇళ్లతో కలిపే సంధానకేంద్రాన్ని పిలిచింది. కిరీటి అనే సాంకేతికుడు పలికాడు.

"ఒకసారి ఆపి మళ్లీ వేశారా అమ్మా?"

"ఏసేను బాబూ. కాసేపు ఆడతాది, మళ్లీ బిగుసుకుపోతాది."

"పెట్టె వేడెక్కిందేమో, కింద తడిగుడ్డ పరచండి. వాతావరణ పటం దించుకోవడం కూడా ఆపేయండి. బొమ్మా పటమూ ఒకే దారిలో వస్తే ఇరుకవుతుంది."

మొగుడి సంగతి ఆమె చెప్పలేదు. చెబితే తోలే అనుమతి రద్దవుతుందని భయం. దండెం మీది తువ్వాలు లాగి తడిపి వేసింది. పటం ఆపింది. బొమ్మ కదిలింది. కొర్లయ్య, ఇనుపచెయ్యి పక్కన నిలబడి, తనూ వల లాగుతున్నాడు, నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో ఆమెకే తెలియదు. అంతలో ఆ నవ్వు మీదే తెర ఆగిపోయింది.

"బాబూ," అంది, "తెప్ప మీద మా ఆయనున్నాడు."

అవతల మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

"మీ పెట్టెకు జబ్బేమీ లేదమ్మా," అన్నాడు కిరీటి. "ఆయన కంటబడినప్పుడల్లా అదేమిటో మీనమేధకు తెలియడం లేదు. పోల్చి చూడడానికి కేంద్రంలో ఉన్న బొమ్మలన్నీ దించుకుంటోంది. అందుకే తెర ఆగుతోంది. మీరే జవాబు చెప్పేస్తే వెతకడం మానేస్తుంది. ఆ ప్రశ్నను మీ తెర మీదికి తెస్తున్నాను."

ప్రశ్న వచ్చింది. 'ఈ వస్తువు ఏమిటి? చేప. చెత్త. పక్షి.'

"మనిషని ఏదీ?"

"లేదమ్మా. తెప్ప మీద మనుషులుండరు కదా." తన మాట తనకే వినబడినట్టు కిరీటి తడబడ్డాడు. "చేర్చాలంటే పైవాళ్ల అనుమతి కావాలి. ఇప్పుడే అడుగుతాను."

చేప అంటే ఇనుపచెయ్యి మంచు అరలో వేసి మూత బిగిస్తుంది. చెత్త అంటే సముద్రంలోకి విసిరేస్తుంది. తెప్ప మీద పక్షులు వాలడం మామూలే కాబట్టి వాటి జోలికి పోదు. దేముడమ్మ పక్షి అని నొక్కింది.

బొమ్మ హాయిగా సాగింది. ఆమె తెప్పను ఇంటివైపు తిప్పింది. ఈదురుగాలి సంగతి చెప్పాల్సిన పటాన్ని తన చేత్తోనే ఆపేసిందన్నది ఆ కంగారులో ఆమెకు తోచలేదు. పక్కనుంచి పెద్ద కెరటం వచ్చి కొట్టింది. కొర్లయ్య నీళ్లలో పడడం ఆమె ఏ అడ్డంకీ లేకుండా చూసింది.

'పక్షి ఎగిరిపోయింది' అని తెర మీద రాసింది మీనమేధ.

దేముడమ్మ తెప్పను వెనక్కి తిప్పింది. నురగలో నల్లగా తల కనిపించింది, మునిగింది, మళ్లీ కనిపించింది. దాని చుట్టూ వల వేసింది. ఇనుపచెయ్యి వలను పైకి లాగింది.

'వలలో పక్షి. విడిచిపెడుతున్నాను.'

"బాబూ, అనుమతొచ్చిందా?"

"ఇంకా రాలేదమ్మా. అడుగుతూనే ఉన్నాను."

వల ముడి వదులవుతోంది. దేముడమ్మ ఏడుస్తూ జవాబు మార్చి చేప అని నొక్కింది.

ఇనుపచెయ్యి కొర్లయ్యను ఎత్తి మంచు అరలో పడేసి మూత బిగించింది. అరలో కన్ను లేదు. రేవు దాకా తెర ఒక్కసారి కూడా ఆగలేదు. దారి పొడుగునా ఆమెకు కనబడింది ఖాళీ తెప్పే. లోపల ఊపిరి ఉందో లేదో చెప్పే దిక్కు లేదు. తెలిసిన దేవతలందరికీ మొక్కుకుంటూ తోలింది.

తెప్ప రేవును తాకగానే కుర్చీ వదిలి పరుగెత్తింది. ఆమె కేకలు విని పక్కిళ్ల ఆడవాళ్లు గునపాలు తెచ్చారు. మూత ఊడింది. మంచులో, చేపల మధ్య, నీలంగా పాలిపోయి ఉన్నాడు. ఊపిరుంది. ఒడ్డుకు మోసుకొచ్చి ఒళ్లంతా రుద్దారు. చాలాసేపటికి కళ్లు తెరిచాడు.

"ఆ నీళ్లలోంచి ఎలాగ తీసేవే నన్ను?"

"సేపవని సెప్పేను."

అతను నవ్వబోయాడు. పళ్లు కొట్టుకుంటుంటే నవ్వు రాలేదు.

"మనిసినని సెప్పనేకపోయేవా?"

"ఆ మాటకి అందులో సోటు నేదు, మావా."

కొర్లయ్య ముఖం పక్కకు తిప్పుకుని ఏడ్చాడు. దేముడమ్మ అతని తలను ఒళ్లోకి తీసుకుని కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది.