అత్తిబెలెలో అరవై ఆరు లక్షలు

ఆ ఆదివారం మధ్యాహ్నం నాకు ఫోన్ చేసిన అమ్మాయి నోరు తెరిచీ తెరవగానే అబద్ధం ఆడింది. అది అబద్ధమని నాకు తెలియడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా నేను ఆమెకు ఒక నిజం చెప్పేసి నా కొంప నేనే ముంచుకున్నాను.

"సార్, మీ ఫ్లాటు సేల్‌కుండాదని గేటు దగ్గర బోర్డు చూసినాను. నేనూ మా ఆయనా ఇల్లు వెతుకుతా ఉండాము. ఎంత చెప్తా ఉండారు?"

నాలుగు నెలల్లో ఆ బోర్డు చూసి ఫోన్ చేసినవాళ్లు ఇద్దరే. ఒకడు బ్రోకరు, ఇంకొకడు ఇన్సూరెన్స్ ఏజెంటు. అందుకని రేటు చెప్పకుండా, "మీరెక్కడున్నారు మేడమ్?" అని అడిగాను. గేటు దగ్గరే ఉన్నానంది. అక్కడే ఉండమని చెప్పి, లిఫ్టు కోసం ఆగే ఓపిక లేక ఆరు అంతస్తులూ మెట్ల మీదే దిగాను. నేను గేటు చేరేసరికి వాన అందుకుంది. రేటు కనుక్కుని అటునుంచి అటే వెళ్లిపోదామనుకున్న మనిషి, వాన వల్ల పైకి రావలసి వచ్చింది.

నా పేరు లలిత్. ఊరు ఒంగోలు, ఉద్యోగం బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో, ఇల్లు ఊరి చివర అత్తిబెలెలో. ఈ మూడింటికీ ఎక్కడా పొంతన లేదు. "మెట్రో వస్తుంది సార్, ఐటీ పార్కు వస్తుంది సార్, ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పుడూ కొనలేరు సార్" అని రెండేళ్ల క్రితం సేల్స్ కుర్రాడు చెబితే నమ్మి, అరవై నాలుగు లక్షలు పెట్టి రెండు బెడ్‌రూముల ఫ్లాటు కొన్నాను. ఒకవైపు తమిళనాడు చెక్‌పోస్టు, మిగతా వైపులా ఫ్యాక్టరీలు. ఆఫీసుకు వెళ్లడానికి రెండు గంటలు, రావడానికి రెండున్నర. బైకు మీద ఉన్నంతసేపూ ఎప్పుడు ఇల్లు చేరతానా అని ఉండేది. ఇల్లు చేరాక ఎప్పుడు పారిపోతానా అని ఉండేది. ఒకచోట కుదురుగా కూర్చుని ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు.

ఆమె హాల్లోకి వచ్చి దుపట్టా పిండుకుంది. పేరు వరూధిని అంది. పెద్ద కళ్లు. ఆ కళ్లతో నన్ను తప్ప నా గోడలన్నిటినీ చూసింది. నాకు కొంచెం కోపం వచ్చింది.

"నీళ్లు బోరా, ట్యాంకరా?"

"బోరే. ఎండాకాలం మాత్రం ట్యాంకరు."

"ఈ గోడకి చెమ్మ ఎన్నాళ్లుగా ఉండాది?"

"అది చెమ్మ కాదు మేడమ్, డిజైన్."

ఆమె నవ్వింది. ఆ నవ్వుకు ముందు నేను ఫ్లాటు అమ్ముకోవాలనుకుంటున్న మనిషిని. తర్వాత ఏమయ్యానో చెప్పడం కష్టం.

"మీ వారు రాలేదా?" అన్నాను, వచ్చి ఉంటే బాగుండేదన్నట్టు.

"ఆదివారం కూడా డ్యూటీనే. వైట్‌ఫీల్డ్‌లో."

"రోజూ ఇక్కణ్ణుంచి వైట్‌ఫీల్డ్ వెళ్తారా ఆయన?"

"పోతాడు. ఏమైతాది?"

నేను చూడని ఆ మొగుడి మీద ముందు అసూయ పుట్టింది, ఆ తర్వాత జాలి వేసింది. తెల్లారుజామున బైకు తీసే నా మొహమే నాకు గుర్తొచ్చింది. ఇక ఆగలేకపోయాను.

"మేడమ్, ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోవద్దు. మీరు ఈ ఫ్లాట్ కొనొద్దు."

ఆమె తలుపు దగ్గర ఆగిపోయింది. "అదేంది?"

"నేను అరవై ఆరు లక్షలు చెప్తున్నాను. అది నేను కొన్న రేటుకి నా ఏడుపు కలిపిన రేటు. పోయిన నెల కింద ఫ్లోర్‌లో ఇదే సైజుది యాభైకి పోయింది. అమ్మినాయన సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు, లిఫ్టులో నాకొక్కడికే చెప్పాడు. మీ ఆయన్ని ఇక్కడ పడేస్తే నెల తిరక్కుండా మీతో పోట్లాడతాడు."

"ఇట్ల చెప్తే మీ ఇల్లెట్ల అమ్ముడుపోతాది?"

"మీకు కాకుండా ఇంకెవరికైనా అమ్ముతా."

ఆమె నన్ను మొదటిసారి గోడల్ని చూసినంత శ్రద్ధగా చూసింది. వాన తగ్గగానే వెళ్లిపోయింది. పెళ్లయిన అమ్మాయి గురించి మూడు వారాలు ఆలోచించినందుకు నన్ను నేను రోజూ తిట్టుకున్నాను. ఆలోచించడం మాత్రం మానలేదు.

ఈలోగా నిజంగానే ఆ ఇంకొకరు దొరికారు. మస్తాన్ అని, చెక్‌పోస్టు దగ్గర లారీ స్పేర్ పార్టుల అంగడి నడుపుతాడు. నలభై ఏళ్లుంటాయి. పెద్దగా బేరం కూడా ఆడకుండా అరవై ఆరుకి సరేనన్నాడు. బ్యాంకులో లోన్‌కి పెట్టాడు. ఇల్లు చూసి విలువ కట్టడానికి బ్యాంకు తరఫున ఇంజనీర్ వస్తారని, శనివారం ఇంట్లో ఉండమని చెప్పాడు.

శనివారం తలుపు తీస్తే, మెడలో ఐడీ కార్డుతో, చేతిలో హెల్మెట్‌తో వరూధిని నిలబడి ఉంది.

"మీరా?"

"నేనే. వాల్యుయేషన్‌కి వచ్చినాను."

"మరి మీ ఆయన?"

"లేడు."

"అయ్యో, ఎప్పుడు?"

"ఎప్పుడూ లేడు," అంది తల దించుకుని.

ఆ మొదటి ఆదివారం నాలుగో అంతస్తులో ఒక ఫ్లాటుకి విలువ కట్టడానికి వచ్చిందట. చుట్టుపక్కల రేట్లు కనుక్కోవాలి. బ్యాంకు నుంచి వచ్చామంటే ఎవరూ నిజం చెప్పరు కాబట్టి, కొనేవాళ్లలాగా ఫోన్ చేయడం వాళ్ల ఆఫీసులో అందరికీ అలవాటు.

"పెండ్లి కాని ఆడపిల్ల ఇల్లడిగితే నూరు ప్రశ్నలేస్తారప్పా. అందుకే ఒక మొగుణ్ణి పెట్టుకున్యాను," అంది.

నాకు పట్టరాని సంతోషమూ, పట్టరాని కోపమూ ఒకేసారి వచ్చాయి. ముందు కోపానికే పని అప్పజెప్పాను.

"సరే, అయిందేదో అయింది. అరవై ఆరు వేసేయండి. నా జీవితం దీనిమీదే ఉంది."

"యాభై అని మీరే అన్నారు కదా?"

"అది మీ ఆయనకి చెప్పిన రేటు."

ఆమె నవ్వాపుకోలేకపోయింది. కాని టేపు పక్కన పెట్టలేదు. "రెండేండ్లుగా ఈ పని చేస్తా ఉండాను. తమ ఇంటికి తామే తక్కువ రేటు చెప్పినోళ్లు మీరొక్కరే. అబద్ధం రాసి పంపితే రేపు మస్తాన్ గతేమి? లోను కట్టేది ఆయన కదా."

రిపోర్టులో యాభై ఒకటి అని రాసింది. బ్యాంకు దాన్నిబట్టే లోను ఇస్తానంది. మస్తాన్ ఆలోచించుకుంటానని వెళ్లిపోయాడు. వరూధిని ఫైలు మూసేసింది. ఆ సాయంత్రం పోట్లాడటానికి ఆమెకు ఫోన్ చేశాను. పోట్లాట పూర్తికాలేదు. మర్నాడు మళ్లీ చేశాను. నాలుగో రోజు ఆమే చేసి, "ఈ పొద్దు పోట్లాట లేదా?" అని అడిగింది.

వాళ్ల ఇల్లు బొమ్మనహళ్ళిలో. నేను ఆఫీసు నుంచి వచ్చే దారిలోనే. ట్రాఫిక్ పల్చబడేదాకా అక్కడ ఒక దర్శిని హోటలు ముందు నిలబడి, ఒకే కాఫీని రెండు కప్పుల్లో పంచుకుని ఇద్దరం బైటూ తాగడం అలవాటైంది. సగం కప్పు కాఫీ గంటసేపు తాగొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

"అసలు అత్తిబెలెలో అరవై ఆరు ఎందుకుండకూడదు?" అన్నాను ఒక రోజు. "కోరమంగళలో రెండు కోట్లు చెప్తే ఎవరూ నోరెత్తరు."

"కోరమంగళలో కొనేవాళ్లు ఆడ ఉండాలని కొంటారు. నువ్వు అత్తిబెలెలో ఉండాలని కొన్నావా?"

"లేదు. రేటు పెరిగాక అమ్మేద్దామని."

"నీకు అమ్మినోడికీ అదే తెలుసు. నీ దగ్గర కొనేవాడూ అదే అనుకోవాల. ఉండేదానికి కొనేవాళ్లు లేని ఊర్లో ఆ రేటు దేని మీద నిలబడుతుందప్పా? రాని మెట్రో మీదనా?"

మెట్రో సంగతి వదిలేసి వేరే మాట చెప్పేశాను. "వరూ, నువ్వంటే నాకు చాలా ఇష్టం. మొగుడున్నప్పటినుంచీ ఇష్టం."

ఆమె కప్పులో మిగిలిన కాఫీని గుక్కగుక్కగా తాగింది. అంతసేపూ నేను బైకు తాళం తిప్పుతూనే ఉన్నాను. "నాకూ ఇష్టమే," అంది చివరికి. "కానీ మా నాయనది ఒకటే మాట. అల్లుడికి సొంతిల్లు ఉండాల. ముప్పై ఏండ్లలో పదకొండు బాడుగిండ్లు మారినాము లలిత్. ప్రతిసారీ మా అమ్మ సామాన్లు కట్టుకుంటా ఏడ్చేది. ఆ ఏడుపు నాకు రాకూడదంటాడు."

"నాకుంది కదా ఇల్లు."

"అత్తిబెలెలో ఉండి ఏం లాభం? వారంలో మూడు రోజులు నన్ను దేవనహళ్ళి సైడు పంపిస్తారు. ఊరి ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చేలోపల తెల్లారుతాది."

ఆ రోజు నుంచి నాకు ఉన్న కాస్త నిద్ర కూడా పోయింది. లెక్క చాలా సులువు. ఫ్లాటు అరవై ఆరుకి అమ్మితే, లోను తీర్చాక పదిహేను లక్షలు చేతికొస్తాయి. దాంతో బొమ్మనహళ్ళి దగ్గర్లో చిన్న ఫ్లాటుకి అడ్వాన్సు కట్టొచ్చు, వాళ్ల నాన్న ముందు తలెత్తుకుని నిలబడొచ్చు. యాభై ఒకటికి అమ్మితే లోను తీరుతుంది, అంతే. కొన్నప్పుడు పెట్టిన నా సేవింగ్సూ ఉండవు, ఇల్లూ ఉండదు, వరూధినీ ఉండదు.

గురువారం పొద్దున మస్తాన్ వచ్చాడు.

"సార్, మీరు చెప్పిన అరవై ఆరే ఇస్తా. బ్యాంకు ఇచ్చేది పోను మిగతాది నేనే సర్దుకుంటా. నా పెండ్లాం నగలుండాయి, ఊర్లో కొంచెం స్థలముండాది."

నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను. "బ్యాంకు ఎందుకు తక్కువ కట్టిందో అడిగారా?"

"వాళ్లెప్పుడూ అంతేనంట సార్, బ్రోకరు చెప్పినాడు. ఇంకో రెండేండ్లకి ఎనభై అయితాదంట. ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పుడూ కొనలేనంట."

ఆ మాట నాకు తెలుసు. రెండేళ్లుగా రోజుకి నాలుగున్నర గంటలు ఆ మాటకే పెట్రోలు పోస్తున్నాను.

నేను కూర్చోలేకపోయాను. వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగాను, బాల్కనీలోకి వెళ్లాను, మళ్లీ వచ్చాను. ఏమీ మాట్లాడకుండా ఉంటే చాలు. వరూధినికి ఎప్పటికీ తెలియదు. ఆమె ఫైలు ఎప్పుడో మూసేసింది. తిరిగి హాల్లోకి వచ్చేసరికి మస్తాన్ కిటికీ దగ్గర నిలబడి చెక్‌పోస్టు వైపు చూపిస్తున్నాడు.

"ఆడ కనపడతా ఉండాది చూడండి, అదే మా అంగడి. మధ్యాహ్నం నడిచొచ్చి ఇంట్లో అన్నం తినొచ్చు. పదహారేండ్లుగా టిఫిన్ డబ్బాలో చల్లన్నం తింటా ఉండాను సార్."

ఆ ఇంట్లో ఉండాలని కోరుకున్న మొదటి మనిషి అతనే. నేను కూడా ఎప్పుడూ కోరుకోలేదు. అలాంటి మనిషి దగ్గర అతని భార్య నగలు తీసుకోవడానికి నాకు చేతులు రాలేదు. నాకు చాలా ఏడుపొచ్చింది, అది వేరే సంగతి.

"మస్తాన్ గారూ, నగలు అమ్మకండి. యాభై ఒకటి ఇవ్వండి చాలు."

అతని మొహం మారిపోయింది. "ఏం సార్, ఇంట్లో ఏమన్నా ఉండాదా? ఎవరన్నా చచ్చిపోయినారా?"

అరవై ఆరుకి ఒప్పించడానికి పది నిమిషాలు పట్టింది. యాభై ఒకటికి ఒప్పించడానికి గంటన్నర పట్టింది.

ఆదివారం సాయంత్రం వానలో తడుస్తూ బొమ్మనహళ్ళి వెళ్లాను. వరూధినికి ముందుగా ఏమీ చెప్పలేదు. తలుపు తీసి నన్ను చూసి ఆమె కంగారుపడింది. వాళ్ల నాన్న రామయ్య గారు చిన్న హాల్లో కుర్చీలో కూర్చుని ఉన్నారు. బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు. నన్ను తల నుంచి కాళ్ల దాకా చూశారు.

"నువ్వేనా లలిత్ అంటే? ఇల్లుండాదని చెప్పింది మా అమ్మి."

"మొన్నటిదాకా ఉందండి. అమ్మేశాను."

వరూధిని చటుక్కున నా వైపు తిరిగింది. "మస్తాన్‌కా? అరవై ఆరుకా?" ఆ గొంతులో భయముంది.

"మస్తాన్‌కే. అరవై ఆరు ఇస్తానన్నాడు. యాభై ఒకటికి అగ్రిమెంటు రాశాను."

ఆమె గోడకి ఆనుకుని నిలబడిపోయింది. నేను రామయ్య గారి వైపు తిరిగాను. ఇప్పుడు ఆగితే మళ్లీ నోరు పెగలదని నాకు తెలుసు.

"లోను తీరిపోతుందండి. అప్పు లేదు, ఇల్లూ లేదు. మీరు కోరిన ఇల్లు కొనాలంటే ఇంకో ఆరేడేళ్లు పడుతుంది. మీ అమ్మాయంటే నాకు ప్రాణం. పెళ్లి చేసుకుంటానని అడగడానికి వచ్చాను. ఇల్లు లేదన్న సంగతి కూడా నేనే చెప్పాలని వచ్చాను."

రామయ్య గారు కుర్చీలో ముందుకు వంగారు.

"ఇస్తానన్నవాణ్ణి వద్దని పదిహేను లక్షలు వదులుకున్నావా?"

"అవునండి."

"ఎందుకప్పా?"

"దాని విలువ అంతేనండి. మీ అమ్మాయే రాసింది."

ఆయన కూతురి వైపు చూశారు. వరూధిని కళ్ల నిండా నీళ్లున్నాయి. ఆ నీళ్లతోనే నవ్వుతోంది, దాచుకోవాలని కూడా అనుకోవడం లేదు. నా జీవితంలో మొదటిసారి నాకు ఎక్కడికీ పారిపోవాలనిపించలేదు.

"పదకొండు ఇండ్లు మారినాను," అన్నారు రామయ్య గారు నెమ్మదిగా. "నీళ్లొస్తాయన్నారు, రాలేదు. బాడుగ పెంచేది లేదన్నారు, పెంచినారు. ఒక్క ఓనరూ నాతో నిజం చెప్పిన పాపాన పోలేదు. ఓనర్లలో నీలాంటోడు ఉంటాడని నాకు తెలీదు."

"ఇప్పుడు ఓనర్ని కాదండి."

"అదీ నిజమే." ఆయన లేచి, మూలనున్న గొడుగు తీసుకుని, చెప్పులేసుకున్నారు. వాకిట్లో ఆగి వెనక్కి తిరిగారు.

"నడువప్పా. రెండో క్రాస్‌లో పై పోర్షన్ ఒకటి ఖాళీగా ఉండాది, మీ ఇద్దరికీ సరిపోతాది. బాడుగ సంగతి నేను మాట్లాడతా. నువ్వు నోరు తెరవద్దు, ఎక్కువిచ్చి వస్తావు."