డోమ్‌ప్లాట్జ్‌లో పోపుగారి ఎముకలు

హాంబర్గ్‌లో డోమ్‌ప్లాట్జ్ అని ఒక పచ్చిక మైదానం ఉంది. చీకటి పడ్డాక అక్కడ ఒంటరిగా కూర్చోకూడదని మనవాళ్లలో ఒక మాట. కూర్చుంటే... పక్కన ఇంకెవరో వచ్చి కూర్చుంటారట.

ఒకప్పుడు అక్కడ పెద్ద చర్చి ఉండేది. కూల్చేశారు. దాని స్తంభాలు నిలబడ్డ చోటల్లా ఇప్పుడు తెల్లటి బెంచీలున్నాయి. పొద్దుగూకితే వాటి లోపల్నుంచి వెలుగొస్తుంది. దూరం నుంచి చూస్తే... సమాధులు కావని మనకి మనమే చెప్పుకోవాలి.

ఇది నాకు ఊర్మిళ చెప్పింది. కరీంనగర్ అమ్మాయి. ఓడరేవు దగ్గర లాజిస్టిక్స్ కంపెనీలో ఉద్యోగం. భర్తకి డ్యూసెల్‌డార్ఫ్‌లో పని, శనాదివారాలే వస్తాడు. మిగతా రోజులు తనూ, ఐదేళ్ల కూతురు సహస్రా. ఊరికి కొత్త. తెలిసినవాళ్లు లేరు.

ఆ రోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో, ఆఫీసులో తనతో పనిచేసే శరత్ కథ ఎత్తుకున్నాడు.

"వెయ్యేళ్ల కింద చక్రవర్తి ఒక పోపుని గద్దె దింపి, రోమ్ నుంచి ఇక్కడికి తెచ్చి పడేశాడు. ఆయన ఇక్కడే పోయాడు. ఆ చర్చిలోనే పాతిపెట్టారు. పోయేముందు ఏమన్నాడంటారో తెలుసా? నా ఎముకలు రోమ్ చేరేదాకా ఈ నేలకి శాంతి ఉండదని!"

"మరి చేరినయా?"

"కొన్నేళ్లకి తవ్వి తీసి పట్టుకెళ్లారు. కానీ..." శరత్ గొంతు తగ్గించాడు. "అన్నీ దొరికాయంటావా?"

ఊర్మిళ నవ్వేసింది. "పోపంటే నాకు ఆవాలు, జీలకర్రనే, శరత్."

సాయంత్రం ఐదయింది. డిసెంబర్ కదా — అప్పటికే చిమ్మచీకటి. పైగా పొగమంచు. కీటా, అదే పిల్లల బడి, నుంచి సహస్రని తీసుకుని, దగ్గరి దారని డోమ్‌ప్లాట్జ్ మీదుగా బయల్దేరింది.

సగం దూరం వచ్చారో లేదో, పిల్ల చెయ్యి విడిపించుకుని పరిగెత్తింది.

"సహస్రా! ఆగు!"



మంచులో వెలిగే బెంచీలు తప్ప ఏమీ కనబడవు. ఒక బెంచీ దాటింది... ఇంకోటి... పిలుస్తూనే ఉంది.

చివరికి కనబడింది. అక్కడ ఒక బెంచీకి అద్దం ఉంటుంది. లోపల పాత చర్చి పునాది రాళ్లు చూడొచ్చు. సహస్ర దాని మీదికి వంగి, కదలకుండా నిలబడింది. జర్మన్‌లో గుసగుసలాడింది —

"మామా... ద ఇస్ట్ ఐన్ ఓపా."

అమ్మా, ఇక్కడొక తాత ఉన్నాడంటోంది.

ఊర్మిళ వంగి చూసింది.

నిజమే. తెల్లటి గడ్డం. నెత్తిన మొనదేలిన ఎత్తు టోపీ. కళ్లుండాల్సిన చోట... రెండు నల్లటి గుంటలు.

అంతలో — గుర్ర్... గుర్ర్... నేల లోపల్నుంచి మూలుగు!

ఆంజనేయ దండకం ఎత్తుకోబోయింది. మొదటి మాట తర్వాత ఒక్క ముక్క గుర్తు రాలేదు. పిల్లని లాగి తన వెనక దాచుకుంది. చేతులు జోడించి, కళ్లు గట్టిగా మూసుకుని అరిచింది —

"స్వామీ! మీ ఎముకలు ఎప్పుడో రోమ్ పోయినయ్! ఇక్కడేం లేవు! మీరు కూడా పోండి!"



తర్వాత... సన్నగా, వణుకుతూ —

"నా ఎముకలు నాలోనే ఉన్నాయి తల్లీ..."

తెలుగు! అచ్చమైన తెనాలి తెలుగు!

కళ్లు తెరిచింది. బెంచీకి అవతలి పక్క, మంచు చాటున, ఎర్రటి అంగీ వేసుకుని ఒక పెద్దాయన నడుం వంచి నిలబడి ఉన్నాడు. అద్దంలో కనబడింది ఆయన మొహమే; నల్లటి గుంటలు కళ్ల కింది నీడలే.

పేరు జనార్దనరావు. చాలా ఏళ్లుగా హాంబర్గ్‌లోనే ఓడల ఇంజనీరు. ఆవేళ నికోలస్ పండగ, ఆ పేరుగల పాతకాలపు బిషప్పు పేరిట పిల్లల పండగ. పక్క వీధి హాల్లో తెలుగు పిల్లలకి చాక్లెట్లు పంచడానికి బిషప్పు వేషంలో బయల్దేరాడు. దారిలో పెట్టుడు గడ్డం అంగీ జిప్పులో ఇరుక్కుంది. మెడ ఎత్తలేడు. సగం గడ్డం నోట్లోకొచ్చి, గట్టిగా పిలవనూ లేడు. వెలుగులో విడదీసుకుందామని బెంచీ మీదికి వంగాడు. ఆ గుర్ర్‌మన్నది అంగీ కింద ప్యాంటు జేబులో ఫోను — ఇంకా రాలేదేమని హాల్లోవాళ్లు ఒకటే కాల్స్.

ఊర్మిళ పిన్నీసు తీసి, నవ్వాపుకుంటూ ఎలాగో గడ్డం విడిపించింది.

"ఇంత సాయం చేసి ఇంటికెళ్తావా? పదమ్మా, మీరూ రండి. పులిహోర ఉంది," అన్నాడాయన.

ముగ్గురూ నడుస్తుంటే సహస్ర ఆయన చెయ్యి పట్టుకుని అడిగింది —

"తాతా, నీకు దెయ్యాలంటే భయమా?"

"ఇందాకటి వరకూ లేదమ్మా," అన్నాడు జనార్దనరావు, ఊర్మిళ వంక ఓరగా చూస్తూ. "పొగమంచులోంచి ఒకావిడ ఊడిపడి, నీ ఎముకలు ఇక్కడ లేవు పొమ్మనేదాకా..."