పొగగూటిలో పిలుపు

పొగగూట్లో దెయ్యాన్ని పెట్టింది తనేనన్న మాట సారలమ్మ ఇంతవరకూ పైకి అనలేదు. కన్నతల్లితోనూ అనలేదు. ఆ మాట నోటిదాకా వచ్చేది... నమిలి మింగేసేది.

కాశిబుగ్గలో ఆ మూడంతస్తుల బిల్డింగ్ అంటే రిక్షావాళ్లకు కూడా తెలుసు. "పొగగూటి దెయ్యం బంగ్లానా? సందు మొగదల దించుత, లోపలికి రాను" అనేవాళ్లు. కింద సత్యనారాయణ సావుకారి కిరాణా దుకాణం. చుట్టూ, పైనా ఆరిళ్లు. ఇళ్ల నడుమ, నేల నుంచి డాబా దాకా, బావిని పెకలించి నిలబెట్టినట్టు ఇటుకల గూడు ఒకటి. ప్రతి వంటింటికీ, ప్రతి వెనకగదికీ అందులోకి జానెడు కన్నం. అందరి పొయ్యిల పొగా ఆ దారినే పైకి పోవాలి.

దీపాలు పెట్టాక ఆ కన్నానికి వీపు పెట్టి ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. పిల్లలు మారాం చేస్తే తల్లులు గొంతు తగ్గించి, "ఊకో... అది ఇంటది" అనేవాళ్లు. అంతే — ఏడుపు ఆగిపోయేది.

మొన్న మొన్నటి దాకా అది ఒట్టి పొగగూడే.

పొగతో పాటు మాటలను కూడా మోసేది. రెండో అంతస్తులో మొగిలమ్మ పొయ్యి దగ్గర ఏమన్నా, మూడో అంతస్తులో కండెలు చుట్టే సారలమ్మ చెవిలో పడేది. బడి ఏడో తరగతిలోనే ఆగినా, సారలమ్మకు రాట్నం తిప్పుతూ కూడా ఒళ్లో పుస్తకం ఉండాల్సిందే. మొగిలమ్మకు అదే కంట్లో నలుసు.

"ఇరువై రెండేండ్లు అచ్చినయ్. దాన్ని ఎవడు చేసుకుంటడే? చేసుకున్నోనికి అన్నమండి పెడతదా, కాయితాలు ఉడకేసి పెడతదా?"

మొగిలమ్మ కోడలు చిలుకమ్మ కిసుక్కున నవ్వింది. అత్త నోటికి జడిసి నవ్విందో, నవ్వొచ్చే నవ్విందో... ఆ నవ్వు మాత్రం గూట్లోంచి పైకి వచ్చి సారలమ్మ గుండెలో గుచ్చుకుంది.

ఆ రాత్రి కరెంటు పోయింది. సారలమ్మ కన్నానికి నోరు ఆనించింది. గొంతు బొంగురు చేసుకుంది. మెల్లగా — చాలా మెల్లగా —

"మొగిలమ్మా... అత్తానవా..."

కింద చెంబు దొర్లింది. ఆ వెనకే కెవ్వుమని కేక. సారలమ్మ ఓణీ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది.

ఒక్కసారే. వస్తున్నావా అని ఒక్క పిలుపే.

కానీ తెల్లారేసరికి మొగిలమ్మకు చలిజ్వరం. మధ్యాహ్నానికి పక్కింటామెకు అదే గూట్లో గజ్జెలు వినిపించాయి. సాయంత్రానికి ఇంకొకరికి ఏడుపు వినిపించింది. ఈ గోడలు కట్టేటప్పుడు మేస్త్రీ ఎవరో పడి చచ్చాడన్న సంగతి కూడా ఎవరికో గుర్తొచ్చింది. సారలమ్మ వింటూ కూర్చుంది. 'అది నేనే' అందామనుకుంటే మొగిలమ్మ నోరు కళ్ల ముందు కదిలేది. రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపు మాటున ఇంకో రేపు.

ఏటా దసరాకు ముందు, ఇళ్లకు సున్నాలేసే రోజుల్లో, మొండయ్య వచ్చేవాడు. డాబా మీది నుంచి తాడుకు తుమ్మకంప కట్ట కట్టి గూట్లోకి దించి, పైకీ కిందికీ లాగేవాడు. ఏడాది మసి, పావురాల గూళ్లు, ఎగిరిపడ్డ పాతగుడ్డలు — అడుగున తలుపు తీస్తే గంపలకెత్తేవాళ్లు. ఆ తర్వాత పొయ్యిలు భగ్గున అంటుకునేవి, కళ్లు మండేవి కావు. ఈసారి మొండయ్యను మెట్ల దగ్గరే ఆపేశారు.

"పండుకున్నదాన్ని కంపతోని గీరుతవారా?" అంది మొగిలమ్మ.

"మీ దెయ్యం, మీ ఇష్టం" అని మొండయ్య కంప భుజానేసుకొని పోయాడు. "మా ఇంట్ల గూడ సున్నాలేసుడున్నది."

అతని బదులు మంత్రాల కట్టయ్య వచ్చాడు. పెత్రమాస అమావాస్య నాటి చీకట్లో, డాబా మీద, పొగగూటి మూతి మీద షాబాద్ బండ పెట్టించాడు. అంచుల వెంట సిమెంటు పూయించాడు. పైన ఎర్రగుడ్డ, కోసిన నిమ్మకాయలు.

"లాంతరు పెండ్లిగాని పిల్ల పట్టాలె" అన్నాడు.

అందరూ సారలమ్మను చూశారు. ఆమె లాంతరు పట్టుకుంది. వెలుగు వణుకుతుంటే కట్టయ్య అడిగాడు, "భయమైతాందా బిడ్డా?"

"ఆఁ" అంది.

అది భయం కాదు.

చలి ముదిరింది. బండ పడ్డప్పటి నుంచీ పొగ ఇళ్లలోకే తన్నసాగింది. కళ్లు తుడుచుకుంటూ, తలుపులు బార్లా తీసి వండుకునేవాళ్లు. "బందీ చేసినంక ఊకుంటదా... బుసకొడతాంది" అనుకునేవాళ్లు.

ఆ చలిలోనే చిలుకమ్మ కన్నది. ఆడపిల్ల. మొగుడు భివండిలో మరమగ్గాల మీద ఉన్నాడు. తల్లి లేని మనిషి కాబట్టి పురుడు అత్తింట్లోనే. వెనకగదిని బాలింత గది చేశారు. పచ్చి ఒంటికి గాలి తగలొద్దని కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కారు. తలుపు కింద గోనెసంచి పరిచారు. మంచం కింద రాత్రంతా బొగ్గుల కుంపటి. ఇక ఆ గదికి మిగిలింది గోడలోని ఆ జానెడు కన్నమే.

ఆ కన్నం పైన... బండ.

పిల్లను చూడటానికి సారలమ్మ వెళ్లినప్పుడు చిలుకమ్మ మొహం వాడిన తమలపాకులా ఉంది. అత్త అటు తిరగ్గానే గుసగుసగా అంది, "సారలక్కా... రాత్రయితె రొమ్ము మీద ఎవరో కూసుంటాండ్లు. లేవబోతె కాళ్లు రావు. ఆ కన్నంల నుంచి... తొంగి చూత్తాండ్లు."

"కలలే, పిచ్చిదానా."

"పగలు డాబా మీద ఎండల కూసుంటె ఏం ఉండదక్కా. మల్ల గదిలకు రాంగనే తల పలిగిపోతది." చిలుకమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. "నిన్ను జూసి ఒకపాలి నవ్విన... నీ ఉసురేనా?"

సారలమ్మ చెయ్యి విడిపించుకొని బయటికి వచ్చేసింది. మెట్ల మీద ఆగింది. వెనక్కి వెళ్లి చెప్పాలనుకుంది. పైకే ఎక్కింది.

నాలుగు రోజులకు, తెల్లవారుజామున చిలుకమ్మ గడప మీద పడి ఉంది. వాంతులు, సంధి మాటలు, ఎటో చూసే కళ్లు. కట్టయ్య వచ్చి వేపమండలతో కొట్టాడు. "బండ కింద ఇరుకైతాందని దెయ్యం దీన్ల జొచ్చింది" అన్నాడు. గది బయట, గాలిలో, గంటసేపు కూర్చునేసరికి చిలుకమ్మ తేరుకుంది. దెబ్బలకే దెయ్యం దిగిందన్నారు.

వర్ధన్నపేట నుంచి ఆమె అన్న వచ్చి తీసుకుపోయాడు. పసిపిల్లను మాత్రం మొగిలమ్మ ఇవ్వలేదు. "దెయ్యం పాలు నా మనుమరాలికి తాపుతనా? మేకపాలు పోసి సాదుకుంట!"

చిలుకమ్మ పాలతో తడిసిన రవికె మీద కొంగు కప్పుకుంటూ మెట్లు దిగడం సారలమ్మ పై నుంచి చూసింది. చిలుకమ్మ ఒకసారి తలెత్తింది. సారలమ్మ చటుక్కున గోడ చాటుకు తప్పుకుంది.

ఆ సాయంత్రం ఆరేసిన నూలు తీయడానికి డాబా ఎక్కింది. మాపటి వంటల వేళ. కాశిబుగ్గ కప్పులన్నిటి మీదా పొగలు లేస్తున్నాయి — తెల్లగా, నిటారుగా. ఒక్క తమ బిల్డింగ్ మీదే లేదు.

కింద ఆరు పొయ్యిలు మండుతున్నాయి.

మరి పొగ... ఏది?

ఇంట్లోకి పరుగెత్తి కన్నం దగ్గర బుడ్డి దీపం పెట్టింది. ఇదివరకు ఆ మంట ఎవరో పీల్చినట్టు గూట్లోకి ఒరిగేది. ఇప్పుడు గూడే ఊదుతున్నట్టు ఆమె వైపు ఒరిగింది. చలికి తలుపులు బిగించి, కుంపటి పక్కన పడుకున్న తన మేనమామ తెల్లారి లేవలేదని ఒకప్పుడు అవ్వ చెప్పిన మాట గుర్తొచ్చింది. పొగ లేదు, వాసన లేదు... ఆయన్ను కూడా దెయ్యమే మింగిందన్నారు.

కింద ఆ గదిలో ఇప్పుడు మొగిలమ్మా, పసిదీ. కుంపటీ.

మెట్లు ఎలా దిగిందో తెలియదు. తలుపు బాదింది. "అత్తా! తలుపు తియ్యి!"

లోపల నుంచి మత్తుగా, నాలుక మడతపడ్డ గొంతు —

"అత్తాన... అత్తాన... పిలువకు..."

వస్తున్నానంటోంది — ఆనాడు సారలమ్మ పిలిచిన పిలుపుకు జవాబది. భుజంతో గుద్దింది. మళ్లీ గుద్దింది. గొళ్లెం ఊడింది.

గదిలో పొగ లేదు. కుంపట్లో బొగ్గులు మాత్రం ఎర్రగా, నిశ్శబ్దంగా ఉన్నాయి. పిల్లను తీస్తే గుడ్డపీలికలా చేతిలో వేలాడింది. మెట్ల దగ్గర గాలిలో పడుకోబెట్టి, మొగిలమ్మను చంకల కింద చేతులేసి ఈడ్చింది. మళ్లీ పిల్ల దగ్గర కూలబడింది.

ఏడవదే. కదలదే...

అరికాళ్లు రుద్దింది. మొహం మీద ఊదింది. "ఏడువే... ఏడువే నా తల్లీ..."

పిల్ల ముక్కు ముడిచింది. తుమ్మింది. ఆ తర్వాత బిల్డింగంతా దద్దరిల్లేలా ఏడ్చింది.

మొగిలమ్మ కళ్లు తెరిచి సారలమ్మ గడ్డం పట్టుకుంది. "నువ్వు రాకుంటె ఇయ్యాల మమ్ముల మింగేటిది బిడ్డా! నిన్ను ఎన్నెన్ని మాటలన్న... నువ్వే మా ఇంటి దేవతవు."

చుట్టూ చేరినవాళ్లు అవునవునన్నారు. ఆ చెయ్యి కాలిన అట్లకాడలా తగిలింది సారలమ్మకు.

"దెయ్యం కాదత్తా. బొగ్గుల గాలి. పోయేటి తొవ్వ లేక గదిల నిండింది. బండ తీసి గూడు దులిపియ్యాలె."

"ఊకోయే! పేరు పెట్టి పిలిచింది, ఆనాడు పిలిచినట్టే. ఎవ్వరు పిలువకుంటె నాకెట్ల ఇనబడ్డది?"

దానికి ఒకటే జవాబు. అది సారలమ్మ నోట్లోనే ఉంది. ఇంతమంది ముందు, దేవతవన్న మాట ఇంకా చెవిలో ఉండగానే... నమిలింది. మింగింది.

అర్ధరాత్రి అందరూ పడుకున్నాక ఇనప పొన్ను వేసిన రోకలి ఎత్తుకొని డాబా ఎక్కింది. మూతి మీద బండను కొట్టింది.

దబ్... దబ్...

ఒక్కో దెబ్బ గూట్లోంచి ఆరిళ్లలోకీ దిగింది. కింద దీపాలు వెలిగాయి. గడియలు పడ్డాయి. ఎవరో వణుకుతూ దండకం ఎత్తుకున్నారు. ఒక్కరూ బయటికి రాలేదు.

బండ పగిలింది. వేడి ఊపిరి ఒకటి మొహాన కొట్టింది. ఆ వెనకే పొగ లేచింది — ఇన్నాళ్లు తొక్కిపెట్టిన పొగంతా చుక్కల దాకా. సారలమ్మ అక్కడే కూలబడి, ఏడుపు గూట్లోంచి కిందికి వినబడకుండా నోట్లో కొంగు కుక్కుకుంది. ఆ రోజు నవ్వును ఆపుకున్నట్టే.

తెల్లారి సావుకారి దుకాణం ముందు అందరిదీ ఒకటే మాట.

"బండ పలగొట్టుకోని పోయింది!"

"యాడికి పోతది? చిలుకమ్మ ఎంబడి పోయింది. అది దానిదే."

మొగిలమ్మ మనుమరాలిని భుజానేసుకొని కర్పూరం కొంటోంది. పిల్ల పాల గుడ్డ చీకుతోంది. "నా కొడుక్కు కబురు పంపుతాన. ఇగ అది ఈ గడప తొక్కది. పిల్లను దానికి సూపియ్యను గూడ సూపియ్య."

సారలమ్మ చేతులు వెనక దాచుకొని నిలబడింది. ఎంత తోమినా గోళ్లలో మసి పోలేదు. ఎవరూ అడగలేదు. ఇక ఎన్నటికీ అడగరు కూడా. ఊరుకుంటే ఆమె దేవతే.

పిల్ల గుడ్డ వదిలేసి, నోటితో మొగిలమ్మ భుజం మీద వెతుక్కుంది. రొమ్ము కోసం.

"సావుకారీ" అంది సారలమ్మ. "ఫోన్ తాళం జర తియ్యి. ట్రంకు కాల్ బుక్ చెయ్యాలె."

సత్యనారాయణ మొలతాడులోని తాళంచెవి తడుముకున్నాడు. "పొద్దుగాల్నే ఎవలికే?"

"వర్ధన్నపేట. చిలుకమ్మ అన్న పనిచేసే రైసుమిల్లుకు. చిలుకమ్మను పిలిపియ్యమను."

మొగిలమ్మ చేతిలో కర్పూరం ఆగిపోయింది. "దానితోని నీకేం మాటలే?"

"నువ్వు గూడ ఈన్నే ఉండత్తా. ఇను."

సావుకారి డయలుకున్న బుల్లి తాళం తీశాడు. సారలమ్మ మసి చేతులు ముందుకు తెచ్చి, అందరూ చూస్తుండగానే రిసీవర్ అందుకుంది. ఈసారి పిలిచేటప్పుడు గొంతు మార్చొద్దు అనుకుంది.