కార్జం మీద పన్నెండు సెకన్లు

మా ల్యాబ్‌కి వచ్చిన మొదటి శనివారమే డాక్టర్ భవిత నా మీద విరుచుకుపడింది.

"మీ టూల్‌తో లివర్ కట్ చేస్తుంటే పక్కనంతా కాలిపోతుంది. ఏం టూల్ అది?"

అమెరికాలో, నోవై అనే ఊళ్లో ఆ అల్ట్రాసోనిక్ కత్తుల్ని పరీక్షించే ఇంజనీర్‌ని నేనే. సెకనుకి యాభై వేలసార్లు అదిరే మొన అది. అరిగితే కోత మందగిస్తుంది, వేడి పెరుగుతుంది. ఆమె ఇక్కడే పుట్టి పెరిగిన సర్జన్. తప్పు మొనదేనంది. తేల్చడం నా పని.

హలాల్ షాపు నుంచి మేక కార్జం తెచ్చి, "కొంచెం కట్ చేసి చూపిస్తారా?" అన్నాను.

చూపించింది. తర్వాతి శనివారమూ వచ్చింది. ఆ పై శనివారం మంచులో గంట డ్రైవ్ చేసి, కాఫీ కూడా తెచ్చింది. వస్తున్నది నా కోసమా, కార్జం కోసమా? ఏమీ అంతుపట్టలేదు. నన్ను నువ్వంటుంది. చనువనుకుందామంటే, మా బాస్ కృష్ణమోహన్ గారినీ నువ్వే అంటుంది.

అసలు చిక్కు కొలతల్లో వచ్చింది. అరిగిన మొన వేడెక్కింది, నిజమే. కానీ కొత్త మొన కూడా ఆమె చేతిలో వేడెక్కింది. పన్నెండేసి సెకన్లు ఆపకుండా నొక్కుతోంది మరి.

ఆ మాట రిపోర్ట్‌లో రాస్తే మళ్లీ వస్తుందా? రాయలేదు. తప్పంతా మొన మీదకి తోసి డ్రాఫ్ట్ ఆమెకి పంపేశాను.

సోమవారం పొద్దున్నే ల్యాబ్‌కి వచ్చేసింది.

"డేటా నేను కూడా చూశా. న్యూ టిప్‌తో కూడా కాలింది. రిపోర్ట్‌లో నా చెయ్యి గురించి ఎందుకు లేదు?"

"మీరు ఫీలవుతారని..."

"థర్స్‌డే నాకు సర్జరీ ఉంది, ఫణి. నువ్వు చెప్పకపోతే మళ్ళీ అలాగే ప్రెస్ చేస్తా. అప్పుడు ఎవరికి నొప్పి?"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అక్కడే కూర్చుని రెండు తప్పులూ రాశాను, మొనదీ, చేతిదీ. ఆమె ప్రతి లైనూ చదివింది. తర్వాత కత్తి తీసుకుని, ఫ్రిజ్‌లో మిగిలిన కార్జం మీద నొక్కి వదులుతూ అరగంట ప్రాక్టీస్ చేసింది. ఈసారి అంతగా కాలలేదు.

"ఇంకేమైనా దాచావా?"

మళ్లీ అబద్ధమాడే ధైర్యం లేదు.

"ఒకటుంది. రిపోర్ట్‌లో రాసేది కాదు. మీరంటే నాకిష్టం. ఆ లైను రాయనిది అందుకే."

ఆమె గ్లవ్స్ తీసి నా వంక చూసింది. కోపమో, నవ్వో తెలియలేదు.

"నాకూ ఇష్టమే," అంది. "కానీ ఇంకోసారి నా తప్పు దాస్తే, ఇష్టం ఉండదు."