రెండు జాబితాల నడుమ తలుపు

వకీలు చొక్కా మీద నెత్తురు ఇంకా ఆరలేదు. కూర్చోమన్నా కూర్చోకుండా, తలుపు గడియ పడిందో లేదో మళ్లీ చూసుకున్నాడు.

"పెయింటర్‌ని నరికేశారండీ. గొడ్డలితో తలుపు చీల్చి, గొలుసు పట్టుకున్న వేళ్లు తెగ్గొట్టి, మెడ మీద వేశారు. కబురు తెలిసి నేను వెళ్లేసరికి వాళ్లావిడ ఆయన తల ఒళ్లో పెట్టుకుని ఉంది. నన్నక్కడ చూసి, ఆ అడ్రసు నేనే అమ్ముకున్నానని పోలీసులంటున్నారు."

డిటెక్టివ్‌కి కళ్లద్దాల మందం వల్ల సోడాబుడ్డి అని పేరు. సహాయకుడు ఆయన తోడల్లుడే. తోడల్లుళ్లకు పడదని లోకం అంటుంది గానీ, ఈ తోడల్లుడికి మాత్రం ఆయన మాట వేదవాక్కు.

"పెయింటర్ మీ సాక్షా?" అన్నాడు సోడాబుడ్డి.

"కాదు, ఆయనది వేరే కేసు. నా సాక్షి దర్జీ ఆవిడ. ఒక ముఠా ఆవిడ కళ్లముందే మనిషిని పొడిచి చంపింది. రేపు కోర్టులో చెప్పాలి. అడ్రసు అమ్మిందెవరో తేలేదాకా గడప దాటనంటోంది. ఆవిడ రాకపోతే ముఠాలో జైల్లో ఉన్నవాళ్లూ బయటికొస్తారు. వస్తే ఆవిణ్ణి బతకనివ్వరు."

సాక్షుల అడ్రసులు దాచే ఆఫీసులో రెండు గదులు, గదికో మెషిన్. రెండింట్లోనూ అవే అడ్రసులు. పేర్లుండవు, నంబర్లే. ఏ నంబరు ఎవరిదో వాళ్ల వకీలుకే తెలుసు. మొదటి గది ఆపరేటర్ మీసం దువ్వుకుంటూ వివరించాడు.

"వకీలుగారి ఫోన్ రెండు జాబితాలు తయారు చేస్తుందండీ. కలగాపులగంగా నంబర్లు. ఒకటి నాకు, ఒకటి రెండో గదికి. రెంటికీ తేడా ఒక్క నంబరే, ఆయనకి కావలసింది. ఎవరి జాబితాలోని అడ్రసుల్ని వాళ్ల మెషిన్ ఒకే ముద్ద చేసి పంపుతుంది. రెండు మూటలు తూచి తేడా చూసినట్టు, ముద్దలు రెండూ కలిపి చూస్తే ఆయన ఫోన్‌లో ఆ అడ్రసు తేలుతుంది. అడ్రసులన్నీ దించుకుని వెతకాలంటే పూటంతా పడుతుంది, ఇది క్షణంలో పని. ఏది అడిగారో మాకు తెలీదు. రెండో గదికి వెళ్లే జాబితా నేను జన్మలో చూడలేదు."

రెండో గది అమ్మాయి చెప్పింది. "నిన్న మధ్యాహ్నం ఏసీ పాడై నా మెషిన్ ఆగిపోయిందండీ. సాయంత్రానికి బాగయింది."

"ఈలోగా అడిగినవాళ్లకి జవాబులు రాలేదా?"

"రాలేదని ఎవరూ అనలేదే."

సోడాబుడ్డి వకీలు వైపు తిరిగాడు. "నిన్న మీరెప్పుడు అడిగారు?"

"మధ్యాహ్నం. మళ్లీ సాయంత్రం. మొదటిసారి సరిగా రాలేదు." ఆ మాట అంటూ వకీలు కిటికీ వైపు చూశాడు. పాపం, వీడు మునిగాడు అనుకున్నాడు తోడల్లుడు.

పెయింటర్ భార్య చీర మీద మరకలు నల్లబడ్డాయి. "మంచం కింద దూరాను. ఆ దర్జీ ఆడది ఎక్కడ అని అడుగుతూ నరికారు. తెలీదన్నకొద్దీ నరికారు."

అందరినీ మొదటి గదిలోనే కూర్చోబెట్టాడు సోడాబుడ్డి. దర్జీ ఆవిడ ఫోన్‌లో వింటోంది.

"వాళ్లు వచ్చింది దర్జీ ఆవిడ కోసం. కొనుక్కున్నది తప్పు అడ్రసు. వకీలుగారు అమ్మితే తప్పు అడ్రసు ఎందుకిస్తారు? ఆవిడ నంబరు ఆయనకి తెలుసు. కాబట్టి అమ్మినవాడికి ఆవిడ నంబరు తెలీదు. వకీలు ఏది అడిగాడన్నది మాత్రమే తెలుసు. అది తెలియాలంటే రెండు జాబితాలూ పక్కపక్కన ఉండాలి. మధ్యాహ్నం రెండో మెషిన్ ఆగిపోయినా జవాబులు వెళ్లాయి. పని ఆగకూడదని ఆ జాబితా కూడా ఈ మెషిన్‌కే మళ్లించారు. సాయంత్రం అడిగేసరికి జాబితాలు మళ్లీ విడిపోయాయి. అందుకే ఆవిడ ఇంకా బతికుంది."

ఆపరేటర్ లేచి, గోడకున్న అగ్నిమాపక సిలిండర్ పీకి, అడ్డొచ్చిన అమ్మాయి భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. రెండో దెబ్బ తోడల్లుడి నుదురు చీల్చింది. కళ్లలోకి నెత్తురు కారుతున్నా తోడల్లుడు వాడి నడుం వదల్లేదు. ఇద్దరూ నేలమీద పడ్డారు. వాడి పళ్లు గచ్చుకు తగిలి రాలాయి.

"వాళ్లు చంపుతారనుకోలేదు," అన్నాడు వాడు నోరంతా నెత్తురుతో.

"గొడ్డలి పట్టుకుని పరామర్శకి వెళ్తారనుకున్నావా?" అని వాడి చేతులు వెనక్కి విరిచి కట్టాడు సోడాబుడ్డి.

వకీలు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. పెయింటర్ భార్య మాత్రం ఆయన్నే చూస్తోంది.

"మధ్యాహ్నం మా అడ్రసు ఎందుకడిగారు?"

"నంబరు తప్పు కొట్టానమ్మా. ఒక్క అంకె. తెరిచాక తెలిసింది."

"తెలిశాక మాకో మాట చెప్పి, ఇల్లు మారమని అనాల్సింది కదా."

"ఏది అడిగానో ఎవరికీ తెలియదు కదా అనుకున్నాను. చెబితే పరువు పోతుందనుకున్నాను."

తోడల్లుడు నుదుటికి గుడ్డ అదుముకుంటూ, నేలమీద ఉన్నవాణ్ణి చూడాలో, కుర్చీలో ఉన్నవాణ్ణి చూడాలో తెలియక తల దించుకున్నాడు.

ఫోన్‌లోంచి దర్జీ ఆవిడ గొంతు వచ్చింది. "రేపు వస్తాను. కానీ వకీలుగారితో రాను. అమ్మా, నువ్వు తోడొస్తావా?"

పెయింటర్ భార్య కొంగుతో ముఖం తుడుచుకుంది.

"వస్తాను. అడ్రసు నాకొక్కదానికే చెప్పు."